అప్‌డేట్: షెవెల్‌లో 454 బిగ్ బ్లాక్ వైబ్రేషన్ పోయింది

నా 1972 షెవెల్ (షెవర్లే కంపెనీ కారు)లో 350 ఇంజిన్ తీసేసి, సెకండ్ హ్యాండ్ 454 (బిగ్ బ్లాక్ అనే పెద్ద రకం ఇంజిన్; ఈ అంకెలు క్యూబిక్ అంగుళాల్లో ఇంజిన్ సైజు) పెట్టించాక, ఇంజిన్ రేస్ చేస్తే కారంతా అదురుతోందని అడిగాను కదా, సమస్య తీరింది. అందరికీ చాలా థ్యాంక్స్.

ఫ్లెక్స్‌ప్లేట్ (ఇంజిన్‌ను ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌కు కలిపే గుండ్రటి ప్లేటు) చూడమన్నవారి మాటే నిజమైంది. మెకానిక్ గేర్‌బాక్స్ దించితే లోపల 350 ఫ్లెక్స్‌ప్లేట్ కనిపించింది. బోల్టులు చక్కగా కూర్చుంటాయి కాబట్టి ఎవరికీ అనుమానం రాదు! కానీ 454 ఎక్స్‌టర్నల్ బ్యాలెన్స్ ఇంజిన్, అంటే అదరకుండా ఆపే బరువు కొంత క్రాంక్‌షాఫ్ట్ బయట బిగించే భాగాల మీద ఉంటుంది. క్రాంక్‌షాఫ్ట్ ముందున్న బ్యాలెన్సర్ (అదురు తగ్గించే చక్రం), వెనకున్న ఫ్లెక్స్‌ప్లేట్ రెండూ 454 కోసం బరువు కలిపి చేసినవే ఉండాలి. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన 396, 427 బిగ్ బ్లాక్ ఇంజిన్లలో చాలావరకు ఈ గొడవ లేదు.

ఇంజిన్ మౌంట్లకు (ఇంజిన్‌ను పట్టి ఉంచేవి), కార్బురేటర్‌కు ఈ అదురుతో సంబంధమే లేదు. గేర్‌బాక్స్ నుంచి వెనక చక్రాలను తిప్పే డ్రైవ్‌షాఫ్ట్ కూడా కాదు, ఎందుకంటే బండి ఆగి న్యూట్రల్‌లో ఉన్నా అదిరేది. 454 ఫ్లెక్స్‌ప్లేట్ వేయించాక ఇంజిన్ ఎంత హాయిగా తిరుగుతోందో! టెన్షన్ పోయింది.