వైప్స్‌తో కమోడ్ జామ్ అవుతోంది: హెల్త్ ఫాసెట్ మనమే బిగించుకోవచ్చా? (న్యూజెర్సీ, పాత ఇల్లు)

ఎడిసన్_వాసి:
అందరికీ నమస్కారం. మాది 1950ల నాటి ఇల్లు, టౌన్ సూయర్ కనెక్షన్. పేపర్‌తో పాటు "ఫ్లషబుల్" అని రాసి ఉన్న వైప్స్ వాడుతున్నాం, కమోడ్ తరచూ జామ్ అవుతోంది. కారణం అవేనా? వచ్చే నెల అమ్మానాన్నలు వస్తున్నారు, వాళ్లకు నీళ్లు లేకపోతే కుదరదు. పై అంతస్తు బాత్రూంలో నేల మీద పడ్డ నీళ్లు పోయే దారి లేదు, లీకైతే కింద సీలింగ్ పాడవుతుందని భయం.

పైపుల_పని:
వైప్స్ ఈ రోజే ఆపేయండి. ఫ్లషబుల్ అంటే కమోడ్ దాటి జారుతుందనే అనుకోండి, పైపులో విడిపోతుందని నమ్మొద్దు. టాయిలెట్ పేపర్‌లో ఉండేవి పొట్టి నారలు, తడవగానే విడిపోతాయి. వైప్‌లో పొడుగాటి నారలు ఒకదానిలో ఒకటి అల్లుకుని ఉంటాయి, చాలా రకాల్లో పాలిస్టర్ కూడా కలుస్తుంది. రెండు సీసాల్లో నీళ్లు పోసి ఒకదాన్లో పేపరు, ఇంకోదాన్లో వైప్ వేసి అర నిమిషం గిలక్కొట్టి చూడండి. పేపరు గంజిలా అయిపోతుంది. వైప్ ముక్క చాలావరకు అలాగే చేతికొస్తుంది.

ఆ కాలం ఇళ్లకు రోడ్డు దాకా మట్టి పైపులు ఉండడం మామూలే. అతుకుల్లోంచి చెట్ల వేళ్లు దూరతాయి, వేరుకి వైప్ చిక్కుకుంటుంది, దాని మీద వంటింటి జిడ్డు పేరుకుంటుంది. లండన్ వైట్‌చాపెల్ సూయర్‌లో 2017లో బయటపడ్డ 250 మీటర్ల గడ్డ కూడా కొవ్వు, వైప్స్ కలిసి బిగిసిందే. కిచెన్ పేపర్ టవల్‌నీ ఫ్లష్ చెయ్యొద్దు, అది తడిసినా చిరగకుండా ఉండేలా తయారయ్యేది.

డ్రైన్ క్లీనర్ ద్రావణాలు పోయకండి. వాటికి వైప్ కరగదు. ఆ మందు అక్కడే నిలబడి వేడెక్కుతుంది, తర్వాత పైపు విప్పేవాళ్ల మీద చిందుతుంది.

స్పానర్_చేతిలో:
బిగించుకోవచ్చండి, అరగంట పని. కావాల్సింది 7/8 అంగుళం టీ-వాల్వ్ (ట్యాంకుకి వెళ్లే నీళ్లలోంచి స్ప్రేకి పాయ తీసేది; కట్టేసే మీట ఉన్నది, ఇత్తడి లేదా స్టీల్), అల్లిక ఉన్న స్టీల్ హోస్, స్ప్రే, కొక్కెం.

గోడ దగ్గర వాల్వ్ కట్టేసి ఫ్లష్ చేయండి. ట్యాంకులో మిగిలిన నీళ్లు స్పాంజితో తీసి, ట్యాంకు కింద ఉన్న సప్లై పైపు నట్టు విప్పి, అక్కడ టీ ఎక్కించి, ఆ పైపుని టీ కిందికి, స్ప్రే హోస్‌ని టీ పక్కకి బిగించండి. ఉన్నది గట్టి రాగి గొట్టమైతే టీ ఎత్తుకి వంగదు, 3/8 x 7/8 ఫ్లెక్సిబుల్ పైపు కొనుక్కోండి. రబ్బరు వాషర్ ఉన్న చోట టెఫ్లాన్ టేప్ అక్కర్లేదు. ట్యాంకు కింద మర ప్లాస్టిక్‌ది, స్పానర్‌తో లాగితే పగులుతుంది. చేత్తో బిగించి, ఆపైన పావు చుట్టు చాలు.

గోడ వాల్వ్ ఏళ్ల తరబడి తిప్పక బిగుసుకుపోయి ఉంటే బలవంతం చెయ్యొద్దు, ఇంటి మెయిన్ నీళ్ల వాల్వ్ కట్టి దాన్నే మార్పించండి. పని అయ్యాక ప్రతి అతుకునీ పొడి టిష్యూతో తుడిచి చూడండి, గంట తర్వాత ఇంకోసారి. సన్నటి చెమ్మ కంటికి కనబడదు, టిష్యూ మీద తెలుస్తుంది.

మీ భయానికి జవాబు: వాడిన ప్రతిసారీ టీ-వాల్వ్ కట్టేయాలి. స్ప్రే మీట వదిలేసినంత మాత్రాన హోస్‌లో ఒత్తిడి తగ్గదు, రాత్రంతా అలాగే ఉంటే ఏదో ఒక రోజు హోస్ చిట్లుతుంది. కొక్కెం కమోడ్ అంచుకి పైనే పెట్టండి, స్ప్రే లోపలికి వేలాడితే ఎప్పుడైనా మురికి నీళ్లు వెనక్కి లాగే ప్రమాదముంది. అందుకే వ్యాక్యూమ్ బ్రేకర్ (నీళ్లు వెనక్కి లాగకుండా ఆపే భాగం) సంగతి మీ టౌన్ ప్లంబింగ్ ఆఫీసులో కనుక్కోండి.

మేరీల్యాండ్_అక్క:
పెద్దవాళ్లకు సీటు కింద బిగించే బిడే (కడుక్కోవడానికి నీళ్లు చిమ్మేది) నయం తమ్ముడూ. నీళ్లు గిన్నె లోపలే పడతాయి, నేల తడవదు, జారిపడే భయం ఉండదు. కొనేముందు సీటు కొలవండి: బోల్టుల నుంచి ముందు అంచుకి దాదాపు 16.5 అంగుళాలైతే గుండ్రనిది, 18.5 అయితే పొడుగుది. జనవరిలో అక్కడి నీళ్లు మంచులా ఉంటాయి. గోరువెచ్చని నీళ్లకు ఎలక్ట్రిక్ సీటు కావాలి, దానికి పక్కనే జీఎఫ్‌సీఐ ప్లగ్ (షాక్ కొట్టకుండా కరెంటు ఆపేసేది) ఉండాలి, ఎక్స్‌టెన్షన్ వైరు వద్దు. ఇదంతా కుదిరేలోగా మగ్గు, చిన్న బకెట్ చాలు. తుడుచుకోవడానికి రెండు మూడు పేపర్ ముక్కలు, లేదా చిన్న కాటన్ గుడ్డలు. గుడ్డల్ని మూత డబ్బాలో వేసి వేడి నీళ్లలో విడిగా ఉతకండి. ఫ్యాబ్రిక్ సాఫ్ట్‌నర్ వేస్తే తడి పీల్చవు.

ఎడిసన్_వాసి:
చాలా థ్యాంక్స్. ఇంకొకటి: పైన ఫ్లష్ చేస్తే కింద షవర్ డ్రైన్‌లో గుడగుడ శబ్దం వస్తోంది. ప్లంజర్ కొడితే పోతుందా?

పైపుల_పని:
పోదండి. ఒక్క కమోడే నిండితే అడ్డం దాని మలుపులో ఉన్నట్టు, ఫ్లాంజ్ ప్లంజర్ (కింద రబ్బరు మూతి ఉన్నది), మూడడుగుల క్లోజెట్ ఆగర్ (కమోడ్ మలుపులోకి దూర్చి తిప్పే తీగ) సరిపోతాయి. పైన ఫ్లష్ చేస్తే కింద గుడగుడమంటే ఇంటి మురుగంతా బయటికి వెళ్లే మెయిన్ లైన్ మూసుకుపోతోంది. అమ్మానాన్నలు రాకముందే క్లీనౌట్ (మురుగు పైపు శుభ్రం చేయడానికి వదిలిన నోరు) మూత దగ్గర నుంచి కెమెరా పెట్టించండి. వేళ్లు కనిపిస్తే కోయించి, ఆ వీడియో అడిగి దాచుకోండి. మళ్లీ జామ్ అయితే ఎన్ని అడుగుల దూరంలో తవ్వాలో అందులో ఉంటుంది. అప్పటిదాకా ఇంట్లో వాషింగ్ మెషీన్, ఫ్లష్ ఒకేసారి నడపకండి.