కళింగపట్నం వలలో పైప్ ఫిష్: ఇది పగడపు దిబ్బల రకమేనా?

వంశధార_ఒడ్డు:
వంశధార సముద్రంలో కలిసేచోట అలివి వల లాగితే, నాచుతో పాటు వేలెడు పొడవున్న సన్నటి చేప ఒకటి వచ్చింది. మట్టిరంగు, గొట్టంలాంటి మూతి. తోక మొదట్లో, కింది వైపు గుడ్లున్నాయి. ఫొటోలతో పోలిస్తే నీలిచార పైప్ ఫిష్ (డోరీరాంఫస్ ఎక్సిసస్) అనిపించింది. అదేనా? గుడ్లున్నాయి కాబట్టి ఆడదేనా?

ఉప్పుటేరు:
ఆడది కాదండి, మగది. సముద్ర గుర్రాల కుటుంబమే ఇది. ఆడది గుడ్లను మగదానికి అప్పగించేస్తుంది, పొదిగేదాకా మోసేది మగదే.

మీ ప్రశ్నకి జవాబు కూడా ఆ గుడ్లలోనే ఉంది. నీలిచార రకంలో గుడ్లు మలద్వారానికి ముందు, పొట్ట కింద ఉంటాయి. మీ దానికి తోక కింద ఉన్నాయంటే అది వేరే రకం. రంగు, తోక కూడా కలవవు. నీలిచార చేపది నారింజ ఒళ్లు, మూతి నుంచి తోకదాకా నీలి గీత. తోక రెక్క విసనకర్రలా విచ్చుకుని, నల్లటి దాని మీద నారింజ మచ్చలతో ఉంటుంది. పెద్దదైనా 7 సెంటీమీటర్లే.

రాతిచెరియ:
చోటు చూసినా అదే తేలుతుంది. నీలిచార పైప్ ఫిష్‌కి పగడాల మధ్య చీలికలు కావాలి. పగటిపూట జంటగా ఆ చీలికల్లోనే, తరచూ తలకిందులుగా ఈదుతూ ఉంటుంది. పొడవాటి ముళ్ల సీ అర్చిన్‌ల మధ్య కూడా దాక్కుంటుంది. పళ్లు లేవు, తిన్నది నిలవుండే జీర్ణాశయం లేదు. చిన్న రొయ్యజాతి జీవుల్ని గొట్టం మూతితో సర్రున పీల్చుకుంటుంది, పెద్ద చేపల ఒంటిమీది పరాన్నజీవుల్ని కూడా ఏరుతుంది.

ఆ పగడపు దిబ్బలు మనవైపు ఎందుకు పెరగలేదంటే, నదులే కారణం. వంశధార, నాగావళి తెచ్చే ఒండ్రు పగడాల మీద పేరుకుంటుంది. బురదనీటిలో వెలుతురు దిగకపోతే పగడంలో ఉండే శైవలాలు (కంటికి కనబడనంత చిన్న నాచు) ఆహారం తయారు చెయ్యలేవు. పైగా వానాకాలంలో ఒడ్డు దగ్గర నీటి ఉప్పదనం బాగా పడిపోతుంది. విజయనగరం జిల్లా తీరంలోని చింతపల్లి వైపు రాళ్లున్నాయి గానీ, రాయి ఉన్నంత మాత్రాన పగడపు దిబ్బ అయిపోదు. దిబ్బలు చూడాలంటే అండమాన్, లక్షద్వీప్, మన్నార్ సింధుశాఖ.

నదీముఖంలో, నాచులో దొరికితే ముందు అనుమానించాల్సింది ఇక్తియోకాంపస్ కార్సె, హిప్పిక్తిస్ లాంటి ఉప్పుటేటి రకాల్ని. తక్కువ ఉప్పదనాన్ని ఇవి తట్టుకుంటాయి.

వంశధార_ఒడ్డు:
ఈ రెండిట్లో ఏదో ఎలా తేల్చాలి? ఫొటో చాలా?

ఉప్పుటేరు:
చాలు, సరిగ్గా తీస్తే. ఒంటిమీద పొలుసులుండవు, ఒంటిచుట్టూ ఉంగరాల్లాంటి ఎముక కట్లు వరసగా ఉంటాయి. వాటిని లెక్కపెట్టి, ఒక్కో రకానికి పుస్తకాల్లో ఇచ్చిన లెక్కతో పోల్చాలి. ఛాతీ రెక్క మొదలున్న కట్టు నుంచి మలద్వారం ఉన్న కట్టు దాకా మొండెం లెక్క, దాని తర్వాతి కట్టు నుంచి, తోక రెక్క ఉన్న ఆఖరి ముక్కని వదిలేసి, తోక లెక్క. ఈ రెండూ విడివిడిగా రాసుకోండి. తోక చివర కట్లు చాలా సన్నవి, అక్కడే ఒకటి రెండు తప్పిపోతాయి, అందుకే రెండుసార్లు లెక్కపెట్టండి. వెలుతురు పక్కనుంచి ఏటవాలుగా పడితే కట్ల అంచులు తేలి కనబడతాయి. నడినెత్తి ఎండలో తీస్తే తడి మెరుపుకి అన్నీ కలిసిపోతాయి.

రాతిచెరియ:
ఒకటి మరిచిపోకండి. గాల్లోకి ఎత్తి ఫొటో తియ్యద్దు, గాలి మింగితే నీటిలో తేలిపోతుంది, మళ్లీ దిగలేదు. వల దగ్గరే తెల్లటి ట్రేలో అక్కడి నీళ్లే 4, 5 సెంటీమీటర్ల లోతు పోసి, అడుగున స్కేలు పెట్టి పైనుంచి, పక్కనుంచి తీసెయ్యండి. నీడలోనే, రెండు నిమిషాల్లో అయిపోవాలి. గుడ్లున్న మగదాన్ని పొట్ట, తోక కింద వేలితో తాకద్దు, గుడ్లు ఊడిపోతాయి. తీశాక అదే నాచులో వదిలెయ్యండి.

సీసాలో దాచుకోవడం, ఎండబెట్టడం కుదరదు. ఈ కుటుంబం మొత్తాన్నీ 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టంలో చేర్చారు. వల లాగేవాళ్లకి కూడా ఈ మాట చెప్పండి, చాలామంది చెత్తతో పాటు ఇసుకలో పారేస్తారు.