హాలోవీన్‌కి ఇంట్లో చిన్న పార్టీ: ఐదు కుటుంబాలు, తక్కువ హడావిడి. ఎలా చేస్తున్నారు?

ఫ్రిస్కో_కొత్తిల్లు
అందరికీ నమస్తే. 2026లో హాలోవీన్ (అక్టోబర్ 31) శనివారం వచ్చింది. కొత్తింట్లో మొదటిది కదా అని మావారు స్నేహితులందరినీ పిలిచేసి, ఆ తర్వాత నాకు చెప్పారు! ఐదు కుటుంబాలు. పిల్లలు మూడేళ్ళ నుంచి పదకొండేళ్ళ దాకా ఉన్నారు. అత్తగారూ మామగారూ ఇండియా నుంచి వచ్చి ఉన్నారు. వచ్చేవాళ్ళలో సగం మంది శాకాహారులు, ఇద్దరు గుడ్డు కూడా ముట్టరు. శుక్రవారం దాకా నాకు ఆఫీసు, పైగా అదే వారంలో అట్లతద్ది. అలంకరణకి వందల డాలర్లు పోయాలని లేదు. ఎన్నింటికి పిలవాలి, ఏం పెట్టాలి, పిల్లల్ని ఏం ఆడించాలి? చేసినవాళ్ళు చెప్పండి, టెన్షన్‌గా ఉంది.

ప్లేనో_పులిహోర
టైమ్ సరిగ్గా పెట్టుకుంటే సగం పని అయిపోయినట్టే. మన డాలస్ వైపు ఆ రోజు పొద్దుగూకేది ఆరున్నర దాటాక. వేషాలు వేసుకుని ఇల్లిల్లూ తిరిగి చాక్లెట్లు అడిగే పిల్లల సందడి కూడా అప్పుడే మొదలవుతుంది, ఎనిమిదిన్నరకల్లా చాలా ఇళ్ళు లైట్లు ఆర్పేస్తాయి. మీరు నాలుగున్నరకి రమ్మనండి, మనవాళ్ళు ఐదుంబావుకి వస్తారు. రాగానే భోజనాలు. ఆరున్నరకి పిల్లలూ, వెంట కొందరు పెద్దలూ వీధిలోకి. ముందు తిరిగొచ్చి తర్వాత తిందామని మాత్రం అనకండి. చాక్లెట్లతో పొట్ట నింపుకొచ్చిన పిల్లలు అన్నం వైపు చూడరు, మీరేమో రాత్రి తొమ్మిదింటికి ప్లేట్లు పట్టుకుని వెంటపడాలి.

తిరిగొచ్చాక చాక్లెట్ల బకెట్లు నేలమీద బోర్లించి "నీకిది, నాకది" అని మార్చుకుంటారు చూడండి, అసలు పార్టీ అది. దానికి ఓ అరగంట వదిలిపెట్టండి. ఇంకో ఆట అక్కర్లేదు.

ఇంకొకటి. ఆ రాత్రే, అంటే ఆదివారం తెల్లవారుజామున రెండింటికి గడియారాలు గంట వెనక్కి వెళ్తాయి. గంట ఎక్కువ పడుకోవచ్చని సంబరపడకండి, ఆ సంగతి పిల్లలకి తెలీదు. చీకటితోనే లేచి మిగిలిన చాక్లెట్లు లెక్కపెడుతూ ఉంటారు.

ఎడిసన్_నాన్న
ఆ టైమ్ టెక్సాస్‌కి సరే. మాకు న్యూజెర్సీలో ఆరింటికల్లా చీకటి, పైగా చలి. మా వీధిలో మూడు, నాలుగు గంటలకే పిల్లలు బయల్దేరిపోతారు. అందుకని మేం ముందు తిప్పుకొచ్చి, ఆరింటికి వేడివేడిగా చారూ అన్నమూ పెడతాం. ఇక్కడి కొన్ని ఊళ్ళలో ఎన్నింటి దాకా తిరగొచ్చో టౌన్‌వాళ్ళే ముందు చెప్తారు, అది చూసుకుని పిలవడం మంచిది.

కోట్ సంగతి కూడా ముందే తేల్చుకోండి. సూపర్‌మ్యాన్ డ్రెస్సు మీద కోట్ వేసుకోమంటే ఇంట్లో యుద్ధమే. ఒక సైజు పెద్ద డ్రెస్సు కొని, కోటు ఆ డ్రెస్సు లోపల వేయండి.

శాకాహారి_సన్నీవేల్
మీ ప్రశ్నలో "సగం మంది శాకాహారులు" అన్నమాట దగ్గర ఆగాను. భోజనం సులువే, చిక్కంతా చాక్లెట్ల దగ్గరే. ఇండియాలో ప్యాకెట్ మీద పచ్చచుక్క చూసి కొనేస్తాం. ఇక్కడ ఆ చుక్క లేదు, పదార్థాల జాబితా చదవాల్సిందే.

మార్ష్‌మాలో, గమ్మీ బేర్స్ లాంటి మెత్తటి మిఠాయిల్లో చాలావరకు జెలటిన్ ఉంటుంది. పంది లేదా ఆవు చర్మం, ఎముకల నుంచి తీస్తారు దాన్ని. ఇక్కడి స్టార్‌బర్స్ట్‌లోనూ ఉంది. హాలోవీన్‌కి ప్రతి షాపులో కుప్పలు పోసే, మొక్కజొన్న గింజ ఆకారంలో ఉండే క్యాండీ కార్న్ మిఠాయిలో సాధారణంగా జెలటిన్‌తో పాటు మెరుపు కోసం లక్క పురుగు నుంచి తీసే పూత కూడా ఉంటుంది. గుడ్డు తిననివాళ్ళు ఇంకోటి చూసుకోవాలి: స్నికర్స్, మిల్కీవే, త్రీ మస్కటీర్స్‌లో గుడ్డు తెల్లసొన ఉంది. ఇది మన వాళ్ళలో చాలామందికి తెలీదు, పదేళ్ళుగా ఇక్కడున్న మా పిన్నికే నేను చెప్పేదాకా తెలీదు.

మేం పంచేవి స్కిటిల్స్, సోర్ ప్యాచ్ కిడ్స్, కిట్‌క్యాట్, మామూలు హెర్షీస్. వీటిలో జెలటిన్ లేదు, గుడ్డు లేదు. అయినా కొన్నప్పుడల్లా ఒకసారి చదవండి. చిన్న ప్యాకెట్ల మీద ఒక్కోసారి జాబితా ఉండదు, అందుకని పెద్ద సంచి పారేయకుండా పక్కన పెట్టండి, ఎవరైనా అడిగితే చూపించొచ్చు. మార్ష్‌మాలో కావాల్సిందే అంటే డ్యాండీస్ అని జెలటిన్ లేనివి దొరుకుతాయి.

బయటి నుంచి పిల్లలు తెచ్చినవాటికి మా ఇంట్లో మారకం బల్ల ఉంటుంది. తినకూడనివి అక్కడ పెట్టి, తినేవి తీసుకోవాలి. పిల్లాడి చేతిలోంచి లాక్కుంటే ఏడుస్తాడు, మారిస్తే బేరమాడతాడు.

గోంగూర_గ్యారేజ్
తిండి గురించి నా మాట వినండి, "దయ్యం వేళ్ళు" లాంటి వీడియోలు చూసి రాత్రంతా కూర్చోకండి. కంటికి దయ్యంలా కనిపించేది ఒక్కటి చాలు, మిగతాదంతా మన మామూలు తిండే.

ఆ ఒక్కటి మమ్మీ పఫ్, అంటే గుడ్డ పేలికలు చుట్టిన ఈజిప్టు శవంలా కనిపించే కర్రీ పఫ్. ఫ్రీజర్‌లో దొరికే పఫ్ పేస్ట్రీ షీట్లు ముప్పావుగంట బయట పెట్టండి. సమోసాలో పెట్టే ఆలూ బఠానీ కూర ముందురోజే పొడిపొడిగా చేసుకోండి. షీటుని చిన్న దీర్ఘచతురస్రాలుగా కోసి, కూర పెట్టి, పైన సన్నటి పేలికలు కట్టు కట్టినట్టు అడ్డదిడ్డంగా వేయాలి. గుడ్డు బదులు పాలు రాసి, 400 డిగ్రీల ఫారెన్‌హీట్‌లో ఇరవై నిమిషాలు. బయటికి తీశాక రెండు మిరియాలు గుచ్చితే కళ్ళు (మూడేళ్ళవాళ్ళ ప్లేట్లో మిరియాలు వద్దు, చుక్క కెచప్ పెట్టండి). కర్రీ పఫ్ తిన్న ప్రతి హైదరాబాదీ ఇంకోటి అడుగుతాడు.

పక్కన పులిహోర, పెరుగన్నం, ఒక కూర. ఆ మూడూ ముగ్గురికి పంచేయండి, అంతా తెస్తామనే అంటారు, మీరు అడగాలంతే. మా ఇంట్లో బీట్‌రూట్ పెరుగుపచ్చడిని ఆ ఒక్కరోజు "రక్తం" అంటాం, మామూలు రోజుల్లో దాన్ని తాకని మావాడు గిన్నె నాకేస్తాడు.

రిటైర్డ్_మాస్టారు
అందరూ ఏమీ అనుకోవద్దు. దసరా బొమ్మల కొలువు పెట్టడానికి ఓపిక లేదంటారు గానీ, ఈ దయ్యాల పండగకి ఇంత ప్లానింగా? సంధ్యవేళ గుమ్మంలో పుర్రెలు వేలాడదీయడం మా తరానికి మింగుడుపడదు.

ప్లేనో_పులిహోర
మాస్టారూ, మేం కొలువు కూడా పెడతాం, రండి చూపిస్తాను :) మా అమ్మ కూడా మొదట అదే అంది. తర్వాత పోర్చ్‌లో కుర్చీ వేసుకుని, పళ్ళెంలో చాక్లెట్లు పెట్టుకుని, వచ్చిన ప్రతి పిల్లనీ "నువ్వెవరు తల్లీ?" అని తెలుగులోనే పలకరించింది. ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్ళకి పక్కింటివాళ్ళ ముఖం తెలిసేది ఈ ఒక్కరోజే. ఫ్రిస్కో గారూ, ఆ పళ్ళెం మీ అత్తగారికి అప్పజెప్పండి, మీకూ ఒక పని తగ్గుతుంది.

ఎడిసన్_నాన్న
మాస్టారూ, మనూళ్ళో కొత్తిళ్ళ ముందు దిష్టికి కట్టే బూడిద గుమ్మడికాయ మీద కోరలూ మీసాలూ గీసేది మనమే కదండీ.

రిటైర్డ్_మాస్టారు
అది దిష్టికి. ఇది చాక్లెట్లకి. సరే, కానివ్వండి.

నర్సమ్మ_హ్యూస్టన్
మూడేళ్ళ పిల్ల ఉందన్నారు కాబట్టి చెప్తున్నా. నాలుగేళ్ళలోపు వాళ్ళకి పాప్‌కార్న్, గట్టి చప్పరింపు బిళ్ళలు, పల్లీలు, బాదం గింజలు ఇవ్వొద్దు, గొంతుకి అడ్డం పడతాయి. చిన్నవాళ్ళ బకెట్లు వేరే పెట్టండి.

పొగ కోసం డ్రై ఐస్ (గడ్డకట్టించిన కార్బన్ డయాక్సైడ్) కొనకండి. అది మైనస్ 109 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉంటుంది, పట్టుకుంటే చర్మం కాలినట్టే అవుతుంది, తలుపులు మూసిన గదిలో ఊపిరాడదు. పొగ మిషన్ ఇంట్లో పెడితే స్మోక్ అలారం మోగొచ్చు. ముఖం కోసి గుమ్మం ముందు పెట్టే గుమ్మడికాయలో నిజం దీపం బదులు బ్యాటరీది పెట్టండి. పొడుగు గౌన్లూ కేప్‌లూ వేసుకున్న పిల్లలు దాని పక్కనుంచే మెట్లెక్కుతారు.

పల్లీల ఎలర్జీ ఉందేమో ఐదు కుటుంబాలనీ ముందే అడగండి. గుమ్మం ముందు నీలం-ఆకుపచ్చ కలిసిన టీల్ రంగు వేసిన గుమ్మడికాయ పెడితే, ఈ ఇంట్లో తినేవి కాకుండా స్టిక్కర్లు, పెన్సిళ్ళ లాంటివి కూడా ఇస్తారని అర్థం. 2014 నుంచి అమెరికా అంతా వ్యాపించిన పద్ధతి ఇది. ఎలర్జీ ఉన్న పిల్లల తల్లులు అది చూసి ఎంత సంతోషిస్తారో!

గోంగూర_గ్యారేజ్
గుమ్మడికాయ మాటొచ్చింది కాబట్టి: మీ టెక్సాస్ ఎండకి వారం ముందు కోస్తే శనివారానికి బూజు. శుక్రవారం రాత్రి కోయండి, లేదా అసలు కోయకుండా పిల్లలకి రంగులిచ్చి కూర్చోబెట్టండి. అదే మంచి ఆట కూడా. గింజలు కడిగి ఆరబెట్టి, నూనె, ఉప్పు, కారం పట్టించి 350లో ఇరవై నిమిషాల లోపు వేయించుకోవచ్చు. ముఖం కోసే పెద్దకాయ దప్పళానికి పనికిరాదు, నీళ్ళునీళ్ళుగా ఉంటుంది. దప్పళానికి "పై పంప్‌కిన్" అని అమ్మే చిన్నకాయ కొనండి.

కొండాపూర్_ఫ్లాట్
హైదరాబాద్ నుంచి. మా గేటెడ్ కమ్యూనిటీలోనూ చేస్తారు. ఇక్కడ అందరికీ అలవాటు లేదు కదా, అందుకని వాట్సాప్ గ్రూపులో పేరిచ్చిన ఫ్లాట్ల తలుపుకే ఆరెంజ్ కాగితం అంటిస్తాం, పిల్లలు ఆ తలుపులే కొడతారు. రైతుబజార్ గుమ్మడికాయ తొక్క రాయిలా ఉంటుంది, కత్తి పెట్టకండి, రంగులే.

ఫ్రిస్కో_కొత్తిల్లు
అందరికీ చాలా థాంక్స్! నాలుగున్నరకే పిలుస్తున్నా. మమ్మీ పఫ్‌లు నేను, మిగతావి పంచేశా. మామగారు కథ చెప్తానంటున్నారు, విక్రమార్కుడి భుజం మీద బేతాళుడు. టార్చి కూడా ఇప్పుడే అడిగారు! మూడేళ్ళది భయపడుతుందా?

నర్సమ్మ_హ్యూస్టన్
లైట్లు పూర్తిగా ఆర్పకండి, దాన్ని ఒళ్ళో కూర్చోబెట్టుకోండి. బేతాళుడు ప్రశ్నలడుగుతాడు కాబట్టి పెద్దపిల్లలు జవాబుల్లో పడిపోతారు. కొరివి దయ్యం కథలు మాత్రం వద్దని చెప్పండి. మా నాన్నగారు చెప్పాక వారం పాటు మావాళ్ళు బాత్రూమ్‌కి ఒంటరిగా వెళ్ళలేదు.

ఎడిసన్_నాన్న
మధ్యలో ఖాళీ దొరికితే ఆటకి రెండు టాయిలెట్ పేపర్ చుట్టలు చాలు. జట్లు కట్టి ఒకడికి చుట్టేసి మమ్మీని చేయమనండి. మామగార్ని జడ్జిగా పెట్టండి.

ఫ్రిస్కో_కొత్తిల్లు
బాగుంది. ఆఖరి ప్రశ్న: మిగిలిపోయే చాక్లెట్ల గుట్ట ఏం చేస్తారు?

శాకాహారి_సన్నీవేల్
సోమవారం ఆఫీసుకి పట్టుకెళ్ళి కాఫీ మిషన్ పక్కన పెట్టండి. లంచ్ లోపు ఖాళీ.