కొడుకు పోయిన బాధని జీవితమంతా పనిగా పెట్టుకోవడం సబబేనా? మా అత్తని ఆపాలా వద్దా?

కందుకూరోడు:
మా మేనత్తది కందుకూరు పక్కన పల్లె. పద్దెనిమిదేళ్ల కిందట మా బావని దొంగతనం అనుమానంతో స్టేషన్‌కి తీసుకుపోయారు. మూడో రోజు ఉరేసుకున్నాడని కబురొచ్చింది. ఏ స్టేషనో ఇక్కడ వద్దు. కేసు ఇంకా తెగలేదు. అంతకుముందు మిరపకోతలకి తప్ప ఊరు దాటని మనిషి మా అత్త, ఇప్పుడు కావలి నుంచి మార్కాపురం దాకా ఎక్కడ లాకప్‌లో మనిషి పోయాడని తెలిసినా ఆ ఇంటికి వెళ్లిపోతుంది. చదువు రాదు. సంచీలో బట్టలకొట్టు కవర్లో చుట్టిన కాగితాలు, బావ పాస్‌పోర్టు సైజు ఫోటో, నీళ్ల సీసా. ఏడ్చేవాళ్ల పక్కన చతికిలబడి, ‘అప్పుడే కాల్చబాకండమ్మా, పోస్టుమార్టం వీడియో తీశారేమో అడగండి’ అని మొదలుపెడుతుంది.

నిరుడు మా వదిన, అంటే అత్త కూతురు, పురిటికి పుట్టింటికొచ్చింది. నొప్పులొచ్చిన రాత్రి అత్త ఇంట్లో లేదు, ఇంకెవరి ఇంట్లోనో ఉంది. తెల్లారి పదింటి బస్సుకి వచ్చేసరికి బిడ్డకి మూడు గంటల వయసు. అప్పట్నుంచి వదిన మాట్లాడటం మానేసింది. అత్తకి అరవై నాలుగేళ్లు, షుగర్. ఇంక చాలించమని చెప్పాలనుకుంటున్నా.

పెన్నగట్టు:
చెప్పొద్దన్నా. నెల్లూరు జిల్లాకి ఎవరి పేరు పెట్టారో గుర్తు చేసుకో. పొట్టి శ్రీరాములు భార్య, పసిబిడ్డ ఇద్దరూ పోయాకే రైల్వే ఉద్యోగం వదిలేసి సబర్మతి ఆశ్రమానికి వెళ్లాడు. 1946లో నెల్లూరు మూలాపేట వేణుగోపాలస్వామి గుడిలోకి హరిజనులని రానివ్వాలని నిరాహారదీక్ష చేసి సాధించాడు. ఆయన్ని అందరూ 1952 దీక్షకే తలుచుకుంటారు గానీ, అట్ట మీద నినాదం రాసి తగిలించుకుని, చెప్పుల్లేకుండా ఎండలో నెల్లూరు వీధుల్లో తిరిగింది కూడా ఆయనే. అప్పుడూ ఎవరో ఒకరు ‘ఇంక చాలించు సామీ’ అనే ఉంటారు.

చేదబావి:
బాగానే ఉంది. మరి ఆయనకి పురిటికొచ్చిన కూతురు ఉందా? భార్యాబిడ్డలు లేని మనిషి కాబట్టి ఇల్లు వదిలాడు. ఈమెకి ఇంకో బిడ్డ బతికే ఉంది. పోయినోడి కోసం ఉన్నదాన్ని పోగొట్టుకుంటే ఏం లాభం? మా నాన్న కూడా ఇట్లాంటి మనిషే. ఊరందరి గొడవా ఆయనదే. నా పదో తరగతి పరీక్షలు ఎప్పుడో ఆయనకి తెలియదు. ఆయన పోయినప్పుడు ఊరంతా ఏడ్చింది. నాకు ఏడుపు రాలేదు.

ఒంగోలు వకీలు:
ఒక్క విషయం. నీలబతి బెహెరా అని ఒడిశా తల్లి. 1987 డిసెంబరులో ఇరవై రెండేళ్ల కొడుకుని పోలీసులు తీసుకెళ్లారు, మర్నాడు రైలు పట్టాల మీద శవం. ఆమె సుప్రీంకోర్టుకి ఉత్తరం రాసింది. 1993లో తీర్పు. లక్షన్నర పరిహారం ఇమ్మన్నారు. డబ్బు సంగతి వదిలేయండి. కస్టడీలో మనిషి పోతే ప్రభుత్వమే పరిహారం కట్టాలని మేం ఈ రోజు కోర్టులో నిలబడి అడుగుతున్నామంటే ఆ తీర్పు చూపించే. ఒక తల్లి ఉత్తరం రాసింది కాబట్టి మిగతావాళ్లకి దారి పడింది. కస్టడీ మరణం మీద మేజిస్ట్రేటు విచారణ జరగాలి, 24 గంటల్లో జాతీయ మానవ హక్కుల కమిషన్‌కి తెలపాలి. ఇవి చాలామంది జూనియర్లకే తెలియవు. మీ అత్తగారికి తెలుసు.

చీరాల చేనేత:
1985 జులై 17న కారంచేడులో ఆరుగురు మాదిగలని చంపేశారు. అప్పట్లో మన ప్రకాశం జిల్లానే. బతికినవాళ్లు చీరాల వచ్చి, మేం తిరిగి ఆ ఊరికి పోము అన్నారు. సుప్రీంకోర్టు తీర్పొచ్చింది 2008లో. ఇరవై మూడేళ్లు! ఆ మధ్యలో ఎవరో ఒకరు విడవకుండా పట్టుకోబట్టే అక్కడిదాకా పోయింది. వాయిదాలకి తిరగడమంటే ఏమిటో తెలియనివాళ్లే చాలించమంటారు.

[మధ్యలో మూడు పోస్టులు కులం తిట్లకి దిగాయి, తీసేశాం. — నిర్వాహకులు]

చేదబావి:
ఇరవై మూడేళ్లు మోయాల్సింది పోగొట్టుకున్నవాళ్లేనా అనేదే నా ప్రశ్న. మనం చప్పట్లు కొట్టి ఇంటికి పోతాం. ఆమె బస్సెక్కుతుంది. మహాతల్లి అని దండ వేస్తే మన బాధ్యత తీరిపోయినట్టేనా?

పెన్నగట్టు:
ఈ మాట ఒప్పుకుంటా.

కందుకూరోడు:
అందరికీ దండాలు. రాత్రి ఈ పోస్టులన్నీ వదినకి ఫోన్లో చదివి వినిపించా. ఒడిశా తల్లి దగ్గర కాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది: “అమ్మ తిరుగుతోందని కాదురా నా కోపం. నా అన్న కూడా పోయాడు కదా. పద్దెనిమిదేళ్లలో ఒక్కసారైనా నన్ను రమ్మందా? ఆ సంచీ నన్ను ముట్టుకోనివ్వదు.”

నేను ఈ వైపు ఆలోచించనే లేదు. ఆపాలా వద్దా అని అడిగిన నాకే సిగ్గేసింది. ఒకటి మాత్రం అంటా. వదిన ఆ రాత్రి పడ్డ బాధ చిన్నది కాదు. చేదబావి గారు చెప్పింది అబద్ధమూ కాదు.

ఒంగోలు వకీలు:
అయితే ముందు ఆ కవర్లో కాగితాలు చూడండి. పాత పంచనామాలు కార్బన్ కాపీలై ఉంటాయి, అక్షరాలు మాసిపోతాయి. ఒక్కో కాగితం ఫోటో తీసి, తేదీల వారీగా పెట్టండి. ఆమె తిరిగిన ఇళ్లు, ఎవరి కేసు ఎక్కడుంది, ఇవన్నీ ఆమె నోటితో చెప్తుంటే ఎవరైనా రాసుకోవాలి. ఇప్పటిదాకా అవన్నీ ఆమె తలకాయలోనే ఉన్నాయి.

కందుకూరోడు:
ఆదివారం వెళ్తున్నా. వదిన కూడా వస్తానంది, బిడ్డని ఎత్తుకుని. రాసేది తనే, నా చేతిరాత ఎవరికీ అర్థం కాదు. వకీలు గారూ, ఫోన్లో తీస్తే చాలా, స్కానింగ్ చేయించాలా?