నార్వేలో ఫ్యోర్డ్ ఒడ్డు పాత చెక్క హోటల్: అమ్మానాన్నలతో మూడు రాత్రులు, ఏది ఎంచుకోవాలి?

గంటస్తంభం కూడలి (విజయనగరం)

అందరికీ నమస్కారం. వచ్చే జూన్ రెండో వారంలో అమ్మానాన్నలని నార్వే తీసుకెళ్తున్నాం, మొత్తం నలుగురం. రోజుకో ఊరు తిప్పే ప్యాకేజీ వద్దనుకున్నాం. ఫ్యోర్డ్, అంటే కొండల మధ్యకి చొచ్చుకొచ్చిన సన్నటి సముద్రపు పాయ, దాని ఒడ్డున వందేళ్ళు దాటిన చెక్క హోటల్ ఒకటి చూసుకుని మూడు రాత్రులు కదలకుండా అక్కడే ఉండాలని ఆలోచన. నాన్నగారికి పాత కట్టడాలంటే ప్రాణం, చెక్కడం పనంటే మరీను. అమ్మకి మోకాళ్ళ నొప్పులు. పైగా గుడ్డు కూడా ముట్టదు. అక్కడ కారు నడిపేవాళ్ళం కాదు. బాలెస్ట్రాండ్‌లో క్విక్నెస్, సోల్వోర్న్‌లో వాలాకెర్, హార్డాంగెర్‌లో ఉట్నె, టెలిమార్క్‌లో డాలెన్, ఈ నాలుగింటి దగ్గర ఆగాం. ఫోటోల్లో నాలుగూ బాగానే ఉన్నాయి. ఎలా తేల్చుకోవాలి? గది, తిండి, ప్రయాణం గురించి ముందే అడిగి పెట్టుకోవాల్సినవేంటి? తెలిసినవాళ్ళు కొంచెం వివరంగా చెప్పండి.

వంశధార గట్టు (శ్రీకాకుళం)

బాబూ, ఫోటోలు పక్కన పెట్టి ముందు బోట్ల టైంటేబుల్ తెరవండి. కారు లేనివాళ్ళకి అక్కడ హోటల్‌ని తేల్చేది రేవే. ఎన్‌టూర్ అనే యాప్‌లో దేశమంతటి రైళ్ళు, బస్సులు, బోట్లు ఒకే చోట కనిపిస్తాయి. మీ తేదీ వేసి చూడండి. జూన్ టైములు మే టైముల్లా ఉండవు, ఆదివారం టైములు అసలే వేరు.

మీ నలుగురికీ నా ఓటు క్విక్నెస్‌కే. కారణం చెప్తాను. పడమటి తీరంలోని బెర్గెన్ నుంచి ఎక్స్‌ప్రెస్ బోటు ఎక్కితే నాలుగు గంటల్లో బాలెస్ట్రాండ్‌లో దింపేస్తుంది. రేవు నుంచి హోటల్‌కి నాలుగడుగులు. అమ్మగారు ఎక్కడా కొండెక్కక్కర్లేదు. ఓస్లో వైపు నుంచి వస్తే బెర్గెన్ రైల్లో మీర్డాల్‌లో దిగి ఫ్లోమ్ రైలు పట్టుకోవాలి. 20 కిలోమీటర్ల దూరంలో 866 మీటర్ల ఎత్తు నుంచి సముద్ర మట్టం దాకా దిగిపోతుంది, గంట పడుతుంది. ఫ్లోమ్ నుంచి మళ్ళీ బోటు, గంటన్నర పైచిలుకు. ఇక్కడే చాలామంది దెబ్బతింటారు: ఫ్లోమ్ నుంచి బాలెస్ట్రాండ్ వైపు బోట్లు రోజుకి ఒకటో రెండో. పైన బెర్గెన్ లైనులో రైలు ఆలస్యమైతే కింద బోటు మీ కోసం ఆగదు. అందుకని ఫ్లోమ్‌లో రైలు దిగడానికీ బోటు ఎక్కడానికీ మధ్య కనీసం గంటన్నర ఉంచండి. పెద్ద క్రూజ్ ఓడ ఆగిన రోజు ఫ్లోమ్‌లో కూర్చోడానికి బల్ల కూడా దొరకదు, టిక్కెట్లు ముందే తీసుకోండి.

వాలాకెర్ 1690 నుంచి ఒకే కుటుంబం చేతిలో ఉంది. చిన్నది, ప్రశాంతం, మనసుకి పట్టేస్తుంది. కానీ సోల్వోర్న్‌కి సోగ్న్‌డాల్ నుంచి బస్సులు తక్కువ, టాక్సీ తప్పకపోవచ్చు. ఉట్నె 1722 నాటిది. వోస్ దాకా రైలు, తరవాత బస్సు, క్వాన్‌డాల్‌లో ఫెర్రీ. మూడూ ఎక్కి దిగాలి, మూడుసార్లు సామాన్లు మోయాలి. మోకాళ్ళ నొప్పి ఉన్న మనిషికి నేనైతే చెప్పను. డాలెన్ సంగతి వేరే, తెలిసినవాళ్ళెవరైనా చెప్తారేమో.

నాన్నగారి కోసం ఒకటి. బాలెస్ట్రాండ్‌లో ఉన్నా సరే, ఒక రోజు పూర్తిగా ఊర్నెస్ చర్చికి కేటాయించండి. సోల్వోర్న్ నుంచి ఫెర్రీలో ఇరవై నిమిషాలు, తరవాత కిలోమీటరు ఎత్తెక్కే దారి. పన్నెండో శతాబ్దపు చెక్క చర్చి, 1979 నుంచి యునెస్కో జాబితాలో ఉంది. ఉత్తరం గోడ మీద చెక్కడం అంతకంటే పాతది, పదకొండో శతాబ్దం నాటి చర్చి నుంచి తీసి ఇందులో కూర్చారు. సన్నటి నాలుగుకాళ్ళ జంతువు ఒకటి పాముని కొరుకుతుంటుంది, పాము దాన్ని కొరుకుతుంటుంది, చుట్టూ తీగల్లాంటి శరీరాలు ఒకదాని కింద నుంచి ఒకటి దూరి పోతుంటాయి. ఒక గీత పట్టుకుని చివరిదాకా వెళ్ళడానికే ఐదు నిమిషాలు పడుతుంది. ఆ దారి అమ్మగారికి కష్టమనిపిస్తే ఆవిడ సోల్వోర్న్ ఒడ్డునే కూర్చోవచ్చు, ఊరంతా నీటి అంచునే ఉంటుంది.

పాత తలుపు (బొబ్బిలి)

గది గురించి నేను చెప్తాను, ఎక్కువమంది నిరాశపడేది అక్కడే. క్విక్నెస్‌ని 1877లో క్విక్నె కుటుంబం తీసుకుంది. ఫోటోల్లో కనబడే తెల్లటి చెక్క భవనం ఆ తరవాత దశల వారీగా పెరిగింది. అయితే గదుల్లో ఎక్కువ భాగం పక్కనున్న కొత్త బ్లాకులో ఉంటాయి. చౌకగా కనబడిన గది బుక్ చేసేసి, తీరా వెళ్ళాక కాంక్రీట్ బ్లాకులో తాళంచెవి చేతికొస్తే నాన్నగారికి ఏం బాగుంటుంది? బుక్ చేసేటప్పుడు గది పేరులో 'హిస్టారిక్' అనే మాట ఉందో లేదో చూడండి. లేకపోతే హోటల్‌కే మెయిల్ పెట్టండి. మెయిల్‌లో అడగాల్సినవి: గది పాత చెక్క భవనంలోనేనా, ఏ అంతస్తు, లిఫ్ట్ ఆ అంతస్తు దాకా వస్తుందా, కిటికీ ఫ్యోర్డ్ వైపా కొండ వైపా, స్నానానికి తొట్టా లేక షవరా. తొట్టి అంచు దాటడం మోకాళ్ళకి గండం, కాబట్టి చివరిది మర్చిపోవద్దు.

పాత భవనం అంటే ఏమేం భరించాలో కూడా ముందే తెలియాలి. గోడలు చెక్కవి, పక్క గదిలో నడిస్తే మన నేల కిర్రుమంటుంది. గదులు చిన్నవి, ఏ రెండూ ఒకేలా ఉండవు. ఏసీ ఎక్కువ చోట్ల ఉండదు, అక్కడి వాతావరణానికి అవసరమూ లేదు. డబుల్ బెడ్డు మీద దుప్పటి ఒకటి కాదు, ఇద్దరికీ చెరొక బొంత మడిచి పెడతారు, అది వాళ్ళ పద్ధతి. జూన్‌లో రాత్రి 11 దాకా వెలుగుంటుంది, తెల్లవారుజామున 4కే మళ్ళీ తెల్లారిపోతుంది. పాత కిటికీల తెరలు పల్చగా ఉంటే నిద్ర పట్టదు, కళ్ళకి గంతలు తలా ఒకటి పెట్టుకోండి.

ఇంకో ముఖ్యమైన మాట. అగరొత్తి, కర్పూరం, దీపం గదిలో వెలిగించొద్దు. చెక్క కట్టడాలకి నిప్పంటే ఎంత భయమో ఆ దేశానికి బాగా తెలుసు, 1904 జనవరిలో ఓలెసుండ్ పట్టణం ఒక్క రాత్రిలో బూడిదై పదివేల మంది నిలువ నీడ లేకుండా పోయారు. ఇలాంటి హోటల్లో పొగ పసిగట్టే పరికరం ప్రతి గదిలో ఉంటుంది. అగరొత్తి పొగ చాలు, భవనం మొత్తం ఖాళీ చేయిస్తారు. అనవసరంగా మోగించినందుకు బిల్లు కూడా వేయొచ్చు. రైస్ కుక్కర్ ఆవిరికీ అదే గతి. అమ్మగారికి దీపం అలవాటైతే బ్యాటరీ దీపం ఒకటి సర్దండి. మన మూడు పిన్నుల ప్లగ్గు అక్కడ దూరదు, రెండు గుండ్రటి పిన్నులవే పడతాయి. వోల్టేజి మాత్రం మనదే, 230.

నాన్నగారిని క్విక్నెస్ లోపలి హాలులో కాసేపు వదిలేయండి, స్థానిక శిల్పి చెక్కిన డ్రాగన్ పని అక్కడ ఉంది. హోటల్ నుంచి కొంచెం నడిస్తే సెయింట్ ఓలాఫ్ చర్చి, 1897లో కట్టింది. క్విక్నె ఇంటి ఇంగ్లీషు కోడలి జ్ఞాపకంగా వెలిసింది.

పెసరట్టు ప్లేటు (పాలకొండ)

తిండి సంగతి. నార్వేలో 'వెగెటార్' అంటే మాంసం, చేప లేనిది అని మాత్రమే అర్థం. గుడ్డు, పాలు, చీజ్ అన్నీ అందులోకి వస్తాయి. అమ్మగారు గుడ్డు తినరు కాబట్టి ఆ ఒక్క మాట చెప్పి ఊరుకుంటే గుడ్డు అట్టు తెచ్చి పెడతారు. 'మాంసం వద్దు, చేప వద్దు, గుడ్డు వద్దు, పాలు పర్వాలేదు' అని నాలుగు ముక్కలుగా రాయండి. సూప్, సాస్‌లలో చేప లేక మాంసం మరిగించిన నీళ్ళు పోస్తారు, జెల్లీ, పుడ్డింగుల్లో జెలటిన్ (జంతువుల తోలు, ఎముకల నుంచి తీసేది) వేస్తారు, అవి కూడా పేరు పెట్టి రాయండి. బుకింగ్‌లోనే ఒకసారి, వెళ్ళడానికి వారం ముందు ఇంకోసారి మెయిల్ పెట్టండి. ఇలాంటి చిన్న హోటళ్ళలో రాత్రి భోజనం ఒకే వేళకి, ఒకే మెనూతో వడ్డిస్తారు. వాలాకెర్ అచ్చంగా అలాంటిదే. వంటవాడికి ఆ సాయంత్రం చెప్తే ఉడికించిన దుంపలు తప్ప ఇంకేమీ ఇవ్వలేడు, తప్పు అతనిది కాదు.

పొద్దున్న ఫలహారం మాత్రం బ్రహ్మాండం, ఎక్కువగా గది అద్దెలోనే కలిసి ఉంటుంది. రై రొట్టెలు, ఓట్స్ జావ, పెరుగు, జాములు, కూరగాయ ముక్కలు. గోధుమరంగు చీజ్ ఒకటి కనబడుతుంది, పాలు విరిచిన తేటని మరిగించి మరిగించి చేస్తారు, మన కోవాలా తియ్యగా ఉంటుంది. అమ్మగారికి నచ్చుతుంది. అయితే అక్కడి చీజ్‌లలో చాలావాటిని దూడ కడుపులోని రెనెట్‌తో తోడేస్తారు, అంత పట్టింపు ఉంటే అడగండి. ఆ బల్ల మీది రొట్టె కాగితంలో చుట్టుకుని మధ్యాహ్నానికి తీసుకుపోవడం మర్యాద కాదు. కౌంటర్లో అడిగితే పొట్లానికి విడిగా కొంత డబ్బు తీసుకుని కట్టుకోనిస్తారు.

ఇంటి నుంచి తీసుకెళ్ళేవి: కందిపొడి, నువ్వులపొడి, ఆవకాయ, వేడినీళ్ళు పోస్తే అయిపోయే ఉప్మా పొడి, అటుకులు. నెయ్యి, కోవా, పాలపొడి, మాంసం లాంటివి యూరప్ బయటి నుంచి తీసుకురానివ్వరు, కస్టమ్స్‌లో పారేస్తారు. అంటే నేతి సున్నుండలు ఇక్కడే తినేసి బయల్దేరండి. పచ్చి కరివేపాకు, మామిడికాయల జోలికీ పోవద్దు. ఆవకాయ సీసా చెకిన్ బ్యాగులో పెట్టండి, నూనె కారకుండా మూతకి టేపు చుట్టి రెండు కవర్లలో. ఆదివారం కిరాణా షాపులు చాలావరకు మూసేస్తారు, పళ్ళూ పెరుగూ శనివారమే కొనాలి. కుళాయి నీళ్ళు నిశ్చింతగా తాగొచ్చు, సీసా నీళ్ళకి డబ్బు తగలెయ్యొద్దు.

గంటస్తంభం కూడలి (విజయనగరం)

ముగ్గురికీ పేరుపేరునా ధన్యవాదాలు. క్విక్నెస్ దాదాపు ఖాయం. తొట్టి, లిఫ్ట్ సంగతి మాకు తట్టనే లేదు. వంశధార మాస్టారూ, వీసాకి, లగేజీకి జాగ్రత్తలేమైనా ఉన్నాయా? డాలెన్ మీద నుంచి నాన్నగారి మనసు ఇంకా మళ్ళలేదు. పడవలో వెళ్ళి దిగొచ్చని ఎక్కడో చదివారట. అదెలా ఉంటుంది?

వంశధార గట్టు (శ్రీకాకుళం)

షెంగెన్ వీసా (నార్వేతో సహా చాలా యూరప్ దేశాలకి ఉమ్మడి వీసా) ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి పెట్టొచ్చు. వేలిముద్రలకి, వీసా దరఖాస్తులు తీసుకునే వీఎఫ్‌ఎస్ సెంటర్‌కి అమ్మానాన్నలు కూడా స్వయంగా వెళ్ళాలి. ఇన్సూరెన్సు 30,000 యూరోలకి తగ్గకూడదు. హోటల్ కన్ఫర్మేషన్లో నలుగురి పేర్లూ పాస్‌పోర్టులో ఉన్నట్టే పడాలి. ఇంటిపేరు ఒక దాంట్లో ముందు, ఇంకో దాంట్లో వెనక ఉంటే అనవసరపు ప్రశ్నలొస్తాయి. వీసా చేతికొచ్చేదాకా రద్దు చేసుకోగలిగే రేటులోనే బుక్ చేయండి, కొంచెం ఎక్కువైనా.

లగేజీ: ఓస్లోలో దిగి అక్కడి నుంచి బెర్గెన్‌కి విమానం మారేటట్టయితే, బ్యాగుకి బెర్గెన్ దాకా ట్యాగ్ వేసినా సరే, ఓస్లోలో మీరే తీసుకుని కస్టమ్స్ దాటించి మళ్ళీ వేయాల్సి రావచ్చు. మధ్యలో మూడు గంటలు ఉంచుకోండి. బోట్లలో, రైళ్ళలో కూలీలుండరు. నలుగురికి నాలుగు మధ్యరకం బ్యాగులు మేలు, రెండు పెద్దవి వద్దు. బెర్గెన్‌లో వాన జూన్‌లోనూ తప్పదు, గాలికి గొడుగు నిలవదు. టోపీ ఉన్న వానకోటు, లోపల ఉన్ని స్వెట్టరు.

తాళం నీళ్ళు (రాజాం)

డాలెన్ గురించి. హోటల్ 1894లో తెరిచారు, కప్పు కొసల మీద డ్రాగన్ తలలున్న ఆ శైలికి ఇంతకంటే మంచి ఉదాహరణ హోటళ్ళలో దొరకదు. దాని ముందున్నది ఫ్యోర్డ్ కాదు, బండాక్ అనే సరస్సు. 1892లో పూర్తయిన టెలిమార్క్ కాలువ సముద్రానికి దగ్గర్లోని షీయెన్ నుంచి డాలెన్ దాకా 105 కిలోమీటర్లు, 18 లాకులు, మొత్తం 72 మీటర్ల ఎక్కుడు.

చూడాల్సింది వ్రాంగ్‌ఫోస్. ఒకదాని వెనక ఒకటి ఐదు లాకులు, పడవని 23 మీటర్లు పైకి తీసుకెళ్తాయి. పడవ రాతి గోడల మధ్యకి వస్తుంది, వెనక చెక్క తలుపులు మూస్తారు, ముందు తలుపు అడుగునున్న చిన్న ద్వారం తెరిస్తే పైనీళ్ళు సుడులు తిరుగుతూ లోపలికొస్తాయి. రెండు వైపులా నీటి మట్టం సమానం అయ్యేదాకా తలుపు కదలదు, నీటి బరువే దాన్ని నొక్కిపెట్టి ఉంచుతుంది. సమానం కాగానే తేలిగ్గా తెరుచుకుంటుంది. డెక్కు మీద ముందు వైపు నిలబడితే నాన్నగారికి తలుపుల చెక్క, ఇనప పట్టీలు చేతికందేంత దగ్గర్లో కనిపిస్తాయి.

అయితే షీయెన్ నుంచి డాలెన్ దాకా పది గంటలు పైనే పడుతుంది, అమ్మగారు అంతసేపు కూర్చోగలరా చూసుకోండి. మధ్య రేవుల్లో ఎక్కి దిగొచ్చు, ఒక్క వ్రాంగ్‌ఫోస్ ముక్క కూడా చేయొచ్చు. ఈ పొడవాటి ప్రయాణం వేసవి నడిమధ్యనే రోజూ ఉంటుంది. జూన్ రెండో వారానికి నడుస్తుందో లేదో కాలువ వాళ్ళ టైంటేబుల్ చూశాకే హోటల్‌కి డబ్బు కట్టండి. డాలెన్ నుంచి తిరుగు ప్రయాణానికి బస్సు కూడా ఆ రోజే చూసి పెట్టుకోండి, అక్కడికి రైలు లేదు.