రూట్ కెనాల్‌కి మూడు సిట్టింగులా? బెంగళూరు మారతహళ్ళి వాళ్ళు కాస్త చెప్పండి

కాఫీ_మానలేను:
ఎడమవైపు కింది దవడ పన్ను. పదిహేను రోజులుగా వేడి కాఫీ తగిలితే జివ్వుమని లాగుతోంది. గ్లాసు కింద పెట్టాక కూడా ఐదు నిమిషాలు వదలదు. రాత్రి పడుకుంటే చెవి దాకా సలుపు. ఇంటి దగ్గర క్లినిక్‌లో ఎక్స్‌రే తీసి రూట్ కెనాల్ చెయ్యాలన్నారు. మూడు సిట్టింగులు, ఆ తర్వాత క్యాప్. మూడుసార్లు ఎందుకు? ఆఫీసు ఇన్సూరెన్స్ వర్తిస్తుందా? వచ్చే వారం తిరుపతిలో చెల్లి పెళ్ళి ఉంది, నొప్పి మాత్రలతో అప్పటిదాకా నెట్టుకురావచ్చా?

సిల్క్‌బోర్డు_బందీ:
నెట్టుకురాకండి. నేను అదే చేశాను. సంక్రాంతికి ముందు మీలాగే నొప్పి, ఒకరోజు దానంతటదే పోయింది. వెంకన్న దయ అనుకుని మడివాళలో గుంటూరు బస్సెక్కాను. నరం చచ్చిపోతే నొప్పి ఆగుతుందని, లోపల చీము మాత్రం తన పని తాను చేసుకుపోతుందని నాకేం తెలుసు! పొద్దున బస్సు దిగేసరికి దవడ బూరెలా పొంగింది. "ఎవరితో కొట్లాడావురా" అంది అమ్మ. పండగ మూడు రోజులూ మజ్జిగన్నమే.

జేపీనగర్_పిన్ని:
ఇంత హంగామా ఎందుకు తల్లీ, పీకించేసుకో. కింది పన్నేగా. పై పన్నయితే కళ్ళకు దెబ్బ కాబట్టి ఆలోచించాలి గానీ.

అనంతపురం_అబ్బాయి:
పిన్నిగారూ, ఇంకా ఈ మాటేనా? పంటి నరం వేరు, చూపు నరం వేరు. పన్ను పీకితే చూపు పోదు.

జేపీనగర్_పిన్ని:
మా ఆయనకు పై పన్ను పీకించిన ఏడాదే కళ్ళద్దాలొచ్చాయి. నా కళ్ళతో చూశాను.

అనంతపురం_అబ్బాయి:
అప్పుడు ఆయన వయసెంత?

జేపీనగర్_పిన్ని:
నలభై మూడు.

అనంతపురం_అబ్బాయి:
పళ్ళన్నీ ఉన్నవాళ్ళకు కూడా ఆ వయసులోనే వస్తాయండి! పేపరు దూరంగా పట్టుకుని చదవడం మొదలుపెట్టారా లేదా?

జేపీనగర్_పిన్ని:
పెద్దవాళ్ళని కోర్టులో నిలబెట్టినట్టు అడుగుతున్నావు. ఇదేనా పద్ధతి? నేనింక మాట్లాడను.

ఓరుగల్లు_పోరడు:
పీకుడు మాట పక్కకు పెట్టుండ్రి. నా కథ వినుండ్రి. రూట్ కెనాల్ మంచిగ అయింది, నొప్పి పోయింది. క్యాప్‌కి ఇంకో ఎనిమిది వేలన్నరు. నొప్పే లేనప్పుడు దండగ అనుకొని ఊకున్న. ఏడు నెలలకు సకినం కొరికితే పన్ను నిలువునా రెండు చెక్కలైంది. వేరు దాకా చీలింది, ఇగ చేసేదేం లేదు అన్నరు. రూట్ కెనాల్ పైసలు కూడ నీళ్ళపాలు.

కడప_కారం:
సకినానికే విరిగిందా? మా ఇంటి చెక్కలు కొరికి ఉంటే దవడే ఊడేది.

ఓరుగల్లు_పోరడు:
సకినం మెత్తగుంటది అన్నా. తప్పు సకినానిది కాదు, క్యాప్ లేకపోవుడుది.

అంతా_చదివాను:
నాకు నాలుగు పళ్ళకు రూట్ కెనాల్ అయింది, దీని మీద రెండు నెలలు చదివాను కాబట్టి చెబుతున్నా. మూడు సిట్టింగులంటే డబ్బు లాగడమే. పంటి లోపల గీకి శుభ్రం చేసే సన్నటి ఫైళ్ళు ఇప్పుడు మోటారుతో తిరిగేవొచ్చాయి, గంటలో అయిపోతుంది. క్యాప్ పంటి రంగులో ఉండే జిర్కోనియా తప్ప ఏదీ వద్దు. మెటల్ క్యాప్ వేసుకునేవాళ్ళను చూస్తే జాలేస్తుంది.

కడప_కారం:
వెనక పంటికి నాది మెటలే. పన్నెండేళ్ళయింది, చెక్కుచెదరలేదు. నోరు తెరిచి ఎవరికి చూపించాలి? మీ జాలి మీ దగ్గరే ఉంచుకోండి.

అంతా_చదివాను:
పన్నెండేళ్ళ కిందటి టెక్నాలజీ గురించి గొప్పలేంటి బ్రో.

కడప_కారం:
నాలుగు పళ్ళు పాడుచేసుకున్నవాడు పళ్ళ గురించి పాఠం చెప్పడం ఏంటి బ్రో.

పళ్ళ_పనిలో_ఉన్నా:
ఎండోడాంటిక్స్‌లో, అంటే రూట్ కెనాల్ వైద్యంలో, ఎండీఎస్ (డెంటల్ పీజీ) చేశాను, వైట్‌ఫీల్డ్ వైపు ప్రాక్టీసు. కాఫీ గారూ, వేడి తగిలి తీసేశాక కూడా నొప్పి నిలిచిపోతోందంటే పంటి లోపలి గుజ్జు బాగా వాచిందని అర్థం. గట్టి గోడల మధ్య ఉంటుంది కదా, వాపు పెరగడానికి చోటుండదు, అందుకే అంత సలుపు. యాంటీబయాటిక్ మింగితే ఈ నొప్పి తగ్గదు, మందుల షాపులో అడిగి కొనకండి. సిట్టింగుల సంగతి: చీము లేకపోతే ఒక్కసారిలో ముగించవచ్చు. చీము ఉంటే లోపల మందు పెట్టి, టెంపరరీ ఫిల్లింగ్ వేసి కొన్నాళ్ళు ఆగుతాం. అసలు ఎన్నిసార్లు అన్నది కాదు, పంటి వేళ్ళలో ఎన్ని కాలువలు అన్నది అడగండి. కింది మొదటి దవడ పంటికి మామూలుగా మూడుంటాయి, కొందరికి నాలుగు. ఒకటి వదిలేస్తే మళ్ళీ చీము పడుతుంది. పంటి చుట్టూ రబ్బరు షీటు బిగిస్తారా అని కూడా అడగండి. లోపల కడగడానికి వాడేది సోడియం హైపోక్లోరైట్, అంటే బ్లీచింగ్ మందే. గొంతులోకి పోకూడదు, మీ ఉమ్ము పంటిలోకి పోకూడదు. శుభ్రం చేశాక గట్టాపర్చాతో నింపుతారు. అది ఒక చెట్టు పాల నుంచి వచ్చేది.

అంతా_చదివాను:
ఇక్కడ ఎవరైనా డాక్టరునని రాసుకోవచ్చు. చెట్టు పాలతో పన్ను నింపుతారట!

పళ్ళ_పనిలో_ఉన్నా:
రెండు నెలలు చదివి గట్టాపర్చా దాకా రాలేదా?

కేబుల్_మామ:
అమ్మా, అది నిజం. నేను టెలికాంలో రిటైరయ్యాను. 1866లో అట్లాంటిక్ అడుగున వేసిన టెలిగ్రాఫ్ తీగకు తొడుగు ఈ గట్టాపర్చాయే. ఉప్పునీటికి పాడవదు. మలయా (ఇప్పటి మలేషియా) అడవుల్లో ఈ పాల కోసం చెట్లను నరికి నరికి పారేశారు. నా నోట్లో కూడా అదే ఉందని ఇవాళే తెలిసింది. మా సర్వీసు రోజుల్లో కేబుల్ జాయింట్ వెయ్యడమంటే ఎలా ఉండేదంటే...

అనంతపురం_అబ్బాయి:
మామా, అది వేరే చర్చ పెట్టండి, తప్పకుండా చదువుతాం.

సిల్క్‌బోర్డు_బందీ:
డబ్బు ఇబ్బందైతే విక్టోరియా ఆసుపత్రి దగ్గర ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఉంది. కే.ఆర్. మార్కెట్ మెట్రో దిగితే నడక దూరం. సెలవు పెట్టుకుని పొద్దున్నే వెళ్ళండి. బెంగళూరుకి వచ్చిన కొత్తలో నేనొక చిన్న క్లినిక్‌కి వెళ్తే కన్నడలో "హల్లు కీళబేకా?" అన్నాడు కాంపౌండరు. ఏ హల్లు, బండి 'ఱ'నా అనుకున్నాను. హల్లంటే వాళ్ళకు పన్ను, అది పీకాలా అని అడిగాడు.

కడప_కారం:
హహహ. అచ్చులకు నొప్పి రాదులే.

కాఫీ_మానలేను:
అందరికీ థాంక్స్. శనివారం మొదటి సిట్టింగ్ అయిపోయింది. మొదటి సూదికి మత్తెక్కలేదు, ఫైలు పెట్టగానే కుర్చీలోంచి లేచాను. బాగా వాచిన పంటికి అలా అవుతుందని చెప్పి ఇంకోటి ఇచ్చారు, అప్పుడు ఎడమవైపు పెదవి సగం మాయమైంది. మూడు కాలువలే. రబ్బరు షీటు నేనడిగాకే బయటికి తీసి బిగించారు. చీము లేదని రెండు సిట్టింగుల్లో ముగిస్తామన్నారు, రెండోది పెళ్ళయ్యాక. మూడోది ఏమైందని అడిగితే నవ్వారు. ఇంటికొచ్చి మత్తు దిగకుండానే కాఫీ తాగాను, సగం చీర మీదే. రాత్రి మాత్రం బాగా నిద్రపట్టింది. ఇంతకీ ఇన్సూరెన్స్ సంగతి ఎవరూ చెప్పలేదు.

ఓరుగల్లు_పోరడు:
క్యాప్ మరువకు అక్కా. పెళ్ళిల గట్టివి ఆ పక్క కొరకకు.

అంతా_చదివాను:
మూడు అక్కర్లేదని నేను ముందే చెప్పాను.

జేపీనగర్_పిన్ని:
తిరుపతిలో ఏ కల్యాణ మండపం తల్లీ? పెళ్ళికొడుకు ఏం చేస్తాడు?