అప్‌డేట్: డి లా సోల్ రెండో ఆల్బమ్ ఇప్పుడు దొరుకుతోంది

అమెరికన్ హిప్‌హాప్ బృందం డి లా సోల్ ఆల్బమ్ ‘డి లా సోల్ ఈజ్ డెడ్’ (1991) ఏ మ్యూజిక్ యాప్‌లోనూ కనిపించట్లేదని ఇంతకుముందు అడిగాను కదా, దొరికింది. జవాబిచ్చిన అందరికీ థాంక్స్. శాంపిల్స్ (వేరే పాటల నుంచి తీసుకుని వాడిన ముక్కలు) హక్కుల చిక్కే కారణమన్నవాళ్ల మాటే నిజం. వీపీఎన్‌తో (మనం వేరే దేశంలో ఉన్నట్టు చూపించే సాధనం), యాప్‌లోని దేశం సెట్టింగ్‌తో దీనికి సంబంధమే లేదు. 2021లో వాళ్ల పాత ఆల్బమ్‌లు విడుదల చేసిన టామీ బాయ్ లేబుల్‌ని రిజర్వాయర్ సంస్థ కొన్నాక దారి తెరుచుకుంది. 2023 మార్చి 3న పాత ఆల్బమ్‌లు యాప్‌లలోకి వచ్చాయి. ఆ రోజు చూడకుండానే ఫిబ్రవరి 12న బృందంలోని ట్రుగోయ్ చనిపోయాడు, తలచుకుంటే మనసు చివుక్కుమంటుంది.

మొదటి ఆల్బమ్‌తో పడ్డ హిప్పీ ముద్రను చెరిపేయడానికే ఆ ముద్రకు గుర్తుగా ఉన్న డెయిజీ పూలకుండీ పగిలిపోయినట్టు ఈ ఆల్బమ్ కవర్ మీద పెట్టారు. ఆ మార్పు కొందరికి మింగుడుపడలేదు గానీ, హిప్‌హాప్ పత్రిక ‘ద సోర్స్’ రేటింగ్‌గా ఐదుకి ఐదు మైకులూ ఇచ్చింది. నాకైతే మొదటిదానికన్నా ఇదే నచ్చింది, మధ్యలో వచ్చే స్కిట్లతో సహా.